వేయిన్ని ముప్పది పైన నైదు: టీకా తాత్పర్య సహితం

మూలం

తే.గీ. రింగు రోడ్డుపై రివ్వున రేసు కారు
ఎగిరి పోవంగ వంతెన యెదుట నిలిచి
గన్ను గురిపెట్టి ఖాకీలు కనిన దినమె
వచ్చె వేయిన్ని ముప్పది పైన నైదు.

అవతారిక

కర్త ఎవరో తెలియదు. గ్రాంథికం మీద కొంత భక్తి, ట్రాఫిక్ పోలీసుల మీద కొంత భయం ఉన్నవాడని మాత్రం తోస్తుంది. దేశం హైదరాబాదు, స్థలం నెహ్రూ అవుటర్ రింగ్ రోడ్డు, కాలం ఆదివారం తెల్లవారుజాము. ఆదివారమని పద్యంలో ఎక్కడుందని అడుగుతారేమో. రెండు కోట్ల కారున్న గృహస్థు సోమవారం పొద్దున గచ్చిబౌలి చౌరస్తాలో మొదటి గేరులోనే ఉంటాడు. కనుక ఎగరడమనే క్రియ ఆదివారానికే కుదురుతుంది. నాయకుడు ధీరోద్ధతుడు. ప్రతినాయకుడు ముక్కాలి స్టాండు మీద ఉంటాడు.

టీక

రింగు రోడ్డుపై అనగా 158 కిలోమీటర్ల పొడవు, 8 వరసలు గల వలయాకార మార్గమునందు. రెండు చక్రాల, మూడు చక్రాల బండ్లకు ప్రవేశం లేదు. ఒక్కో దిశలో కుడివైపు రెండు వరసల్లో గంటకు 120 కిలోమీటర్లు, ఎడమవైపు రెండింటిలో 80 దాటరాదు. 40కి తగ్గనూ రాదు. 2023 జూలై దాకా ఆ 120 ఉన్నచోట 100 ఉండేది. అంటే ఆ ఏడు ఎండాకాలంలో 115 మీద పోయినవాడు పాపి, దసరాకు అదే వరసలో అదే 115 మీద పోయినవాడు పుణ్యాత్ముడు. ధర్మం కాలాన్ని బట్టి మారుతుందనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు. మన నాయకుడిది మాత్రం 147. ఈ అంకె పద్యంలో లేదు, చలాను ఫొటో కింద ఉంది.

ఇక్కడే వలయమన్న మాటను వదలకూడదు. 120 మీద పోతే మొత్తం చుట్టు తిరగడానికి గంటా పంతొమ్మిది నిమిషాలు. 147 మీద పోతే గంటా అయిదు నిమిషాల లోపే. అనగా నాయకుడు నార్సింగి దగ్గర బయల్దేరి, శంషాబాదు, పెద్ద అంబర్‌పేట, పటాన్‌చెరు చుట్టి, బయల్దేరిన నార్సింగికే దాదాపు పావుగంట ముందుగా చేరాడు.

రివ్వున అనేది ధ్వన్యనుకరణం. బయట నిలబడ్డవాడికి వినిపించే ధ్వని ఇది. లోపలి ధ్వని వేరు. 2019 జూలై నుంచి ఈ దేశంలో తయారయ్యే కొత్త కార్లకు వేగ హెచ్చరిక తప్పనిసరి. 80 దాటితే ఉండుండి టింగుమంటుంది, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. అప్పుడు నాయకుడు పాట సౌండు పెంచుతాడు. బాగా తెలిసిన మెకానిక్కు ఉన్నవాడైతే ఆ టింగును ముందే పీకించేసి ఉంటాడు.

రేసు కారు అనగా ఇద్దరు సుఖంగాను, వెనక సీట్లో మరిద్దరు మోకాళ్లు గడ్డానికి ఆనించుకునీ కూర్చోదగిన వాహనం. కవి దీనికి విశేషణమేదీ వెయ్యలేదు, గుర్రాల లెక్కా చెప్పలేదు. చట్టం అంతకన్నా నిర్దయ. మోటారు వాహనాల చట్టం దృష్టిలో ఖాళీ బరువు 7500 కిలోలు దాటని కారు ఏదైనా తేలికపాటి వాహనమే. గంటకు 290 దాటగల పోర్షా 911 అదే పేరుతో పోతుంది, మా వీధి చివర ఇస్త్రీ బట్టలు తిప్పే మారుతీ ఓమ్నీ అదే పేరుతో పోతుంది. భాగవతులు సమదర్శనమని దేన్ని అంటారో రిజిస్ట్రేషన్ కాగితాల్లో దర్శించవచ్చు.

ఎగిరి అన్నచోట ఒక శంక. కారు, ఎగిరి అనే రెండు పదాల మధ్య ఉకార సంధి నిత్యంగా జరగాలి. జరగలేదు. ఛందస్సు కోసం కవి వదిలేశాడని కొందరు. అది పైపై మాట. కారుకూ ఎగరడానికీ సంధి కుదిరిన సందర్భాలు పేపర్లో జిల్లా పేజీలో వస్తాయి, కింద ఆసుపత్రి పేరు ఉంటుంది. ఆ అమంగళం తప్పించడానికే కవి బుద్ధిపూర్వకంగా విసంధిని ఆశ్రయించాడని మా అభిప్రాయం.

నిలిచి అనే క్రియకు కర్త ఖాకీలు. ఒక వ్యాఖ్యాత దీన్ని కారుకు అన్వయించి, కారు వంతెన ముందు ఆగిపోయిందని రాశాడు. ఆయనకు అన్వయం తెలియదు. లేదా ఆయన కారు ఇటలీది.

ఖాకీలు అంటే బట్ట పేరు చెప్పి తొడుక్కున్నవాళ్లను గ్రహించడం, లక్షణార్థం. అయితే హైదరాబాదు ట్రాఫిక్ పోలీసుల ప్యాంటే ఖాకీ, చొక్కా తెలుపు. ఉన్న అర్థంలో సగం ఉంచుకుని సగం వదలడం కనుక ఇది జహదజహల్లక్షణ. వేదాంతులు మహావాక్యాల కోసం దాచుకున్న ఈ పరికరం ఇన్నాళ్లకు నలుగురికీ పనికొచ్చింది.

గన్ను గురిపెట్టి. పద్యానికి ప్రాణం ఈ పాదంలో ఉంది కనుక ఇక్కడ కాస్త నిలుద్దాం. గన్ను గుండు లేని ఆయుధం. కంటికి కనబడని పరారుణ కాంతిని సెకనుకు వందల తునకలుగా పంపుతుంది. అవి కారుకు తగిలి తిరిగొచ్చే వ్యవధిని బట్టి దూరం, ఆ దూరం మారే తీరును బట్టి వేగం. కన్ను అసలే ప్రత్యక్ష ప్రమాణం కదా, మధ్యలో ఈ యంత్రం దేనికని నైయాయికుడు అడగవచ్చు. చట్టానికి కన్ను చాలదు. 183వ సెక్షన్ ప్రకారం, ఒక్క సాక్షి నా అభిప్రాయంలో వీడు వేగంగా పోయాడంటే శిక్ష వెయ్యరాదు. ఆ అభిప్రాయం యంత్రంతో కొలిచినదై ఉండాలి. నూట యాభై మీద పోతోందని చెప్పడానికి యాభై ఏళ్ల అనుభవం ఉన్న హెడ్డు కానిస్టేబులైనా ముందు స్టాండు విప్పాలి, లెవెలు చూసుకోవాలి, కన్ను పెట్టాలి. కవి గురిపెట్టి అన్న తరువాతే కనిన అనడంలోని ఔచితి ఇది.

ఇంకొక సూక్ష్మం. గన్ను రోడ్డు పక్కన, కారు రోడ్డు మధ్యన. కనుక చూపు ఏటవాలుగా పడుతుంది. ప్రబంధ నాయికల వాలుచూపు ఉన్నదాన్ని పెంచి చూపిస్తే, ఈ వాలుచూపు వేగాన్ని రవ్వంత తగ్గించి చూపిస్తుంది. ఇంజినీర్లు దీన్ని కొసైన్ ఎఫెక్ట్ అంటారు. తప్పు ఏదైనా ఉంటే అది నాయకుడికి అనుకూలంగానే ఉంటుందన్నమాట. ఈ సంగతి తరువాత అక్కరకు వస్తుంది.

దినమె అనగా ఆ రోజే. కనిన పిదప అని పాఠాంతరం. గణాలు రెండింటికీ సరిపోతాయి. కెమెరాతో పట్టిన నేరానికి 15 రోజుల్లోగా నోటీసు పంపాలని 2021లో కేంద్రం నిబంధన పెట్టింది కనుక పిదప అన్నదే శాస్త్రసమ్మతం. అయితే దినమె అనడంలో గుండె ఝల్లుమనే గుణం ఉంది. రసజ్ఞులు దాన్నే పట్టుకున్నారు.

వచ్చె. ఎవరికి వచ్చె? షష్ఠీ విభక్తి లేదు. కారు కంపెనీ పేరు మీద ఉంటుంది. కంపెనీ ఫోన్ నంబరు రాణిగంజ్ ఆఫీసులో అకౌంటెంటు గారి చొక్కా జేబులో ఉంటుంది. ఆయన ఆదివారం ఇంట్లో కూరగాయలు తరుగుతూ మెసేజి చూసి, వేలు తుడుచుకుని, లింకు నొక్కుతాడు. ఫొటో తెరుచుకుంటుంది: నంబరు ప్లేటు, వెనక రెక్క, ఎర్ర దీపాలు, మూలన తేదీ. సారు బానే తిరుగుతున్నారు అని భార్యతో అంటాడు. సోమవారం వాహన నిర్వహణ పద్దు కింద కట్టేద్దామనుకుంటాడు గానీ, చట్టం మీరినందుకు కట్టిన డబ్బును వ్యాపార ఖర్చుగా ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదని గుర్తొచ్చి, సారు సొంత ఖాతాలో రాస్తాడు. పద్యం మొత్తంలో ధర్మం తెలిసిన పాత్ర ఈయనొక్కడే. ఈయన పద్యంలో లేడు.

వేయిన్ని ముప్పది పైన నైదు అంటే వెయ్యి జరిమానా, ముప్పై అయిదు యూజర్ ఛార్జీలు. పద్యంలో చలాను అనే మాట రాలేదు, అధ్యాహారం చేసుకోవాలి. చదివేవాళ్లలో చాలామందికి అది ఫోనులో ఇప్పటికే ఉంటుంది కనుక కష్టమేమీ లేదు.

పూర్వపక్షం

వేగానికి దండన విధించారు కాబట్టి నాయకుడు దండితుడయ్యాడని పూర్వపక్షుల వాదన. లెక్క చూడండి. హైదరాబాదులో పెట్రోలు లీటరు 107 దాటాక 1035 రూపాయలకు పది లీటర్లు రావు. ఆ ఉదయం నాయకుడు చలానుకన్నా ఎక్కువ పొగగొట్టంలోంచి వదిలాడు. 20 లక్షలు దాటిన కారుకు తెలంగాణలో 2022లో జీవిత పన్ను కనీసం 18 శాతం చేశారు. రెండు కోట్లకు 36 లక్షలు. 36 లక్షలు కట్టి రోడ్డెక్కినవాడి దగ్గర 1035 అడగడం దండన ఎలా అవుతుంది? (ఆ 36 లక్షలు ఎగవేయడానికి పుదుచ్చేరి నంబరుతో తిరిగేవాళ్ల సంగతి వేరు. వాళ్లది వేరే కావ్యం, అందులో నాయకుడు కూడా దొంగే.)

అదే 1035 తెల్లవారుజామున టమాటా లోడుతో మార్కెట్టుకు పరుగెత్తే బొలేరో ట్రాలీ డ్రైవరుకు ఆ రోజు బత్తెం. లోడు ఆలస్యమైతే ధర పడిపోతుంది కనుక తొక్కుతాడు, తొక్కితే ఇది వస్తుంది. అంకె ఒకటే అయినా ఇద్దరికీ పడే దెబ్బ ఒకటి కాదు. సమదర్శనమని పైన మెచ్చుకున్నాం గానీ, చట్టం బండి వేగాన్ని చూసి యజమాని జేబును చూడకపోతే, ఉన్నవాడు జరిమానాను టోలు రుసుములా చదువుకుంటాడు. కొన్ని దేశాలు జేబు కూడా చూస్తాయి. ఫిన్లాండులో జరిమానా ఆదాయాన్ని బట్టి. నోకియా కంపెనీ పెద్దల్లో ఒకడైన అన్సీ వాన్యోకి 50 చోట 75 మీద మోటారు సైకిలు నడిపి 2002లో 1,16,000 యూరోల చీటీ అందుకున్నాడు, అప్పీలులో తగ్గింది లెండి. 2010లో స్విట్జర్లాండులో ఒక కోట్లాధిపతికి ఫెరారీ టెస్టరోసా మీద దూసుకుపోయినందుకు 2,99,000 ఫ్రాంకులు పడింది. అక్కడి కవులు ఇలాంటి పద్యాన్ని కరుణరసంలో రాస్తారు.

మన దగ్గర 2019లో కేంద్రం చట్టాన్ని సవరించి తేలికపాటి వాహనాల అతివేగానికి వెయ్యి నుంచి రెండు వేలని పెట్టింది. ఆ కొత్త జరిమానాలను అప్పటి తెలంగాణ ప్రభుత్వం అమలు చెయ్యలేదు. పైగా పేరుకుపోయిన చలాన్ల మీద 2022లో కార్లకు సగం, 2023 డిసెంబరులో 60 శాతం రాయితీ ఇచ్చారు. ఆషాఢం తగ్గింపులకు చీరలు ఆపుకున్నట్టు, చలాన్లు ఆపుకునే తెలివి అప్పటినుంచే జనానికి అలవడింది. మన నాయకుడు మాత్రం ఆపుకోడు. ఆపుకోవడానికి కారణం కనబడదు.

పూర్వకథ

వేగంగా కారు నడిపి బ్రిటనులో మొట్టమొదట శిక్షపడినవాడు వాల్టర్ ఆర్నాల్డ్. 1896 జనవరిలో, కెంట్ ప్రాంతంలో, గంటకు 2 మైళ్లకు మించకూడని చోట 8 మైళ్ల మీద పోయాడు. కానిస్టేబులు సైకిలు తొక్కుతూ వెంటాడి పట్టుకున్నాడు. వేగానికి జరిమానా ఒక షిల్లింగు. ఈ ఆర్నాల్డ్ బెంజ్ కార్లు అమ్మేవాడు. ఒక్క షిల్లింగుకు ఇంత ప్రచారం మరెవరికీ దక్కలేదు. నాయకుడి వంశవృక్షానికి వేరు అక్కడుంది.

రసం

మొదటి రెండు పాదాల్లో వీరం. తరువాతి రెండింటిలో హాస్యం. కానీ కరుణ కూడా ఉంది, అది పద్యం ముగిశాక మొదలవుతుంది. రింగు రోడ్డు దిగి కోకాపేటలో తన గేటెడ్ కమ్యూనిటీలోకి మళ్లగానే నాయకుడి ముందు స్పీడ్ బ్రేకరు లేస్తుంది. కారు పొట్ట నేలకు నాలుగు వేళ్ల ఎత్తున ఉంటుంది. వాచ్‌మన్ వచ్చి నేల మీదికి వంగి, బంపరు కిందికి చూస్తూ, రండి సార్, కొంచెం కుడికి, ఆగండి సార్ అంటాడు. నాయకుడు కారును ఏటవాలుగా తిప్పి, ఒక చక్రం ఎక్కించి, ఊపిరి బిగబట్టి, రెండో చక్రం ఎక్కిస్తాడు. ఈలోగా పాల ప్యాకెట్ల స్కూటరు, ఇద్దరు వాకింగు పెద్దలు, ఒక కుక్క ఆయన్ని దాటిపోతారు. ప్రభుత్వం వెయ్యిన్ని ముప్పై అయిదుతో చెయ్యలేకపోయిన పనిని కాలనీ సంఘం తట్టెడు తారుతో చేసింది.

తాత్పర్యం

రింగు రోడ్డు మీద వేగంగా పోయిన ఖరీదైన కారును పోలీసులు గన్నుతో కొలిచి, 1035 రూపాయల చలాను పంపారు.

విశేషం

ఆలంకారికుల్లో వివాదం ఉంది. 147 అన్నది ఉన్నదున్నట్టు చెప్పినది కనుక స్వభావోక్తి అని పోలీసులు. అతిశయోక్తి అని సాధారణంగా వాహనదారులు. ఆశ్చర్యమేమంటే మన నాయకుడు ఈ రెండు పక్షాల్లోనూ లేడు. ఆయన దృష్టిలో ఇది న్యూనోక్తి. ఆ క్షణాన ఆయన మీటరు 155 చూపించింది. పక్కసీట్లో ఉన్న బావమరిది సాక్షి. స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాక, ఇంతేనా, మా క్రెటాయే వెళ్తుంది అని ఎవరో అన్నారు. దానితో ఆయనకు రాత్రి నిద్రపట్టలేదు.

సమాధానం శాస్త్రంలో ఉంది. స్పీడోమీటరు అసలు వేగానికన్నా ఎక్కువ చూపవచ్చు, తక్కువ మాత్రం చూపకూడదని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన. దాంతో తయారీదార్లు కాస్త ఎక్కువ వైపే ఉంచుతారు. గన్నుదేమో వాలుచూపు, కాస్త తక్కువ వైపు ఉంటుంది. అసలు వేగం ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంది. ఇదంతా ఓపిగ్గా చెప్పినా నాయకుడు ఒప్పుకోలేదు, చలానును కోర్టులో సవాలు చేస్తానన్నాడు. చెయ్యవచ్చు, ఆ హక్కు ఉంది. లాయరు గారు మాత్రం ఫైలు మూసి, అంకె తప్పు అని వాదించవచ్చు సార్, తక్కువ పడిందని వాదించడానికి మాత్రం సెక్షన్ లేదు అన్నారు.