నిలబెడితే నత్తి

పాత కారు మిస్సింగ్ కొడుతోందని నలుగురిలో అంటే చాలు, బానెట్ ఎత్తకముందే తీర్పు వచ్చేస్తుంది: "ప్లగ్గులు మార్పించెయ్యండి." అవి మార్చినా తగ్గకపోతే వైర్లు, వైర్లతోనూ తీరకపోతే డిస్ట్రిబ్యూటర్ క్యాపు, ఆపైన కాయిలు, ఆఖరికి కార్బొరేటరు. బిల్లు చాంతాడంత అవుతుంది, వణుకు మాత్రం అలాగే ఉంటుంది. ఐడిలింగ్‌లో వదలకుండా వేధించే మిస్సింగ్‌కు కారణం చాలాసార్లు దొరకనిదేమీ కాదనీ, దొరకకుండా మనమే చేసుకుంటామనీ నా వాదన. కారు తన సాక్ష్యం తాను చెబుతూనే ఉంటుంది. మనం సాక్షిని విప్పి తుక్కులో పడేస్తాం.

ఉదాహరణకు కార్బొరేటర్ ఉన్న పాత మారుతి 800నే తీసుకుందాం. 1983లో వచ్చి 2014 దాకా తయారైన ఆ బండికి 796 సీసీ ఇంజను, మూడే సిలిండర్లు. అందులో ఒకటి పని ఎగ్గొడితే బలంలో మూడోవంతు పోయినట్టే. అద్దం వణుకుతుంది, గేరు రాడ్డు వణుకుతుంది, డాష్‌బోర్డు మీది వెంకటేశ్వరస్వామీ వణుకుతాడు. అయితే ఇక్కడ గమనించాల్సింది వణుకు కాదు, అది ఎప్పుడు ఆగుతోందన్నది. కాస్త రేజ్ చేయగానే ఇంజను నున్నగా తిరుగుతోందంటే సగం గుట్టు బయటపడ్డట్టే. పూర్తిగా చచ్చిన ప్లగ్గు వేగంలోనూ చచ్చే ఉంటుంది. నిప్పురవ్వ బలహీనంగా ఉంటే ఆ బలహీనత ఎక్కువగా బయటపడేది లోడు మీదే, ఎందుకంటే సిలిండర్లో ఒత్తిడి పెరిగేకొద్దీ రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గుర్రంలా ఉరికి, సిగ్నల్ దగ్గర మాత్రం నసిగే బండిలో మొదటి అనుమానం ప్లగ్గు మీద పడటం అన్యాయం.

మరి ఎవరి మీద పడాలి? గాలి మీద. ఐడిలింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది, ఇంజను తాగే గాలి చాలా తక్కువ, మానిఫోల్డ్‌లో పీల్చే బలం మాత్రం చాలా ఎక్కువ. అప్పుడు వాక్యూమ్ ట్యూబులో వెంట్రుకంత పగులున్నా, కార్బొరేటర్ అడుగు గ్యాస్కెట్ కాస్త ఎండిపోయినా, ఆ సందులోంచి దూరే దొంగగాలి మొత్తం లెక్కనే తప్పిస్తుంది. పెట్రోలు పలచబడి, ఒకటో రెండో సిలిండర్లు అంటుకోకుండా దాటిపోతాయి. ఎక్సలేటర్ తొక్కగానే అసలు గాలే బోలెడంత వస్తుంది, లోపలి పీలుపు తగ్గుతుంది, ఆ దొంగగాలి లెక్కలోకి రాకుండా పోతుంది. ఆ ట్యూబు పైకి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. చివర పట్టుకుని మెల్లగా వంచితే గానీ, క్లిప్పు కిందనున్న పగులు నోరు తెరవదు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చామని తెలిసేది అప్పుడే.

మసి పట్టిన ప్లగ్గు ఐడిలింగ్‌లోనూ మొరాయిస్తుంది కదా అనవచ్చు. నిజమే. కానీ ఆ మసి పట్టించిందెవరు? ప్లగ్గు విప్పితే మొన మీది రంగే చెబుతుంది. బిస్కెట్ రంగైతే సుఖం, పొడి మసైతే పెట్రోలు ఎక్కువైంది, జిడ్డు తడైతే ఆయిల్ పైకి వస్తోంది. కొత్తది బిగించి పాతది పారేస్తే ఈ కబురూ దాంతోనే పోతుంది, కొత్తదానికీ కొన్నాళ్లకు అదే గతి పడుతుంది. అనుమానం తీరాలంటే ఒకటో సిలిండర్ ప్లగ్గు రెండోదానికి, రెండోది ఒకటోదానికి మార్చి చూడాలి. రోగం ప్లగ్గుతో పాటు వెళ్తే ప్లగ్గుదే తప్పు, అక్కడే కూర్చుంటే సిలిండర్‌ది. ఏ సిలిండర్ అన్నదానికి ఇంకా సులువైన పద్ధతి పాత మెకానిక్కులకు తెలుసు. నడుస్తున్న ఇంజనుకి ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో వైర్లు ఒక్కొక్కటే పీకుతారు. ఏది పీకినప్పుడు ఇంజను "నాకేం" అన్నట్టు అలాగే తిరుగుతుందో, అదే పనిదొంగ. సైలెన్సర్ మూతి దగ్గర చిన్న కాగితం ముక్క పట్టుకుంటారు. అది ఎగురుతూ ఎగురుతూ మధ్యలో లోపలికి లాక్కుపోతోందంటే ఎగ్జాస్ట్ వాల్వు కాలిందేమోనని చూడాలి. ఇంత పరీక్షకూ అయ్యే ఖర్చు కాగితం ముక్క. బహుశా అందుకే దీనికి గౌరవం లేదు.

ఐడిలింగ్ స్క్రూ రెండు చుట్లు బిగించి వేగం పెంచేస్తే పోదా అనేవారున్నారు. వణుకు పోతుంది, మిస్సింగ్ పోదు. అది మసిపూసి మారేడుకాయ చేయడం. కాలకుండా మిగిలిన పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తూ, కిందికి జారి సంపులోని ఆయిల్‌ను పలచన చేస్తూనే ఉంటుంది. ఇక, చెవి పెట్టి వినగానే చెప్పే మేస్త్రీలుండగా ఈ పరీక్షలెందుకన్నది గట్టి అభ్యంతరమే. అలాంటి చెవులున్నాయి, వాటికి దండం పెట్టాల్సిందే. కాకపోతే అలాంటి మేస్త్రీ కూడా విన్న తర్వాత వైరు పీకి చూస్తాడు. చూడకుండా చెప్పేది మనమే. స్కానర్ పెడితే సరిపోదా అంటే, కార్బొరేటర్ బండికి దాన్ని పెట్టే చోటే లేదు. ఉన్న బండ్లలోనూ అది "ఒకటో సిలిండర్లో మిస్ఫైర్" అంటుంది. ఎందుకో చెప్పమంటే మౌనం.

మిగిలింది చివరి సలహా: అమ్మిపారెయ్యండి. మంచిదే. "సింగిల్ ఓనర్, ఇంజన్ కండిషన్ సూపర్" అని ప్రకటన ఇవ్వవచ్చు, చూడవచ్చినవాళ్లను బైపాస్ మీద ఎక్కడా ఆపకుండా తిప్పి తేవచ్చు. చిక్కల్లా ఆ వచ్చినాయనకు కాస్త బండ్ల సంగతి తెలిసుంటేనే. తాళం చేతికి తీసుకుని, ఎక్కడికీ వెళ్లొద్దు, ఇక్కడే స్టార్ట్ చేసి ఓ పది నిమిషాలు ఊరికే ఉంచుదామంటాడు. ఆ తర్వాత బానెట్ ఎత్తి, ఆ ట్యూబు చివర పట్టుకుని మెల్లగా వంచి, ధర సగానికి దించి, బండి తోలుకుపోతాడు.