శీతాకాల నౌకావాసం: ‘ఉక్కపోత’ వ్యాఖ్యాసహితం

మూలం:
“హేమంత వేళ, అలల లాలిలో, ప్రకృతి ఒడిలో, మహారాజ వైభవంతో నౌకాగృహవాసం! అలెప్పీ హౌస్‌బోట్. మధ్యాహ్నం 12 మొదలు మర్నాడు ఉదయం 9 వరకు.”

అవతారిక: డిసెంబరు వచ్చిందంటే చాలు, ట్రావెల్స్ వారి కరపత్రంలోని ఈ వాక్యం చుట్టాల వాట్సాప్ గ్రూపులన్నిటా తిరుగుతుంది. ఏ గ్రంథానికైనా అధికారి, అంటే చదవడానికి అర్హుడు, ఎవరో ముందు చెప్పాలి. దీనికి అధికారి అడ్వాన్సు కట్టినవాడు. ఈ వ్యాఖ్యాత కట్టాడు. మన మెదకు సీమవాడైన కోలాచల మల్లినాథసూరి ఆధారం లేనిదీ అక్కర్లేనిదీ రాయనని ప్రతిజ్ఞ పట్టాడు. ఆయన టీక రాసింది కాళిదాసుకు గనుక చెల్లింది. కరపత్రానికి టీక రాసేవాడు ఆ ప్రతిజ్ఞ పడితే కలం కదలదు.

టీక: ‘అలలు’, ‘లాలి’, ‘ఒడి’ సులభాలు, వదిలేస్తున్నాం. పైగా అలెప్పీ వెనుకజలాల్లో అలలు లేవు.

‘హేమంత’: పంచాంగంలో ఉన్నదని అర్థం. అలెప్పీలో ఆ రోజుల్లోనూ మధ్యాహ్నం ముప్పై డిగ్రీలు దాటుతుంది. స్వెట్టరుతో దిగినవారు దానిని సంచి అడుగుకు చేర్చడం సంప్రదాయం.

‘మహారాజ’: ఇక్కడ కాస్త ఆగాలి. భోజరాజు పేరున చెలామణి అవుతున్న యుక్తికల్పతరువు గదుల అమరికను బట్టి నావలను మూడుగా విభజించింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా గదులుంటే సర్వమందిర. నడుమ ఉంటే మధ్యమందిర. ముక్కు వైపు ఉంటే అగ్రమందిర. రాజులు విలాసంగా తిరగడానికీ, వానాకాలానికీ మధ్యమందిర తగినది. వానలు వెలిశాక, దూరప్రయాణాలకూ యుద్ధాలకూ అగ్రమందిర. మరి మనం ఎక్కిన నావ? ముందు చిన్న వసారా, అందులో సరంగు కుర్చీ, ఒక సోఫా. అక్కడి నుంచి వెనక వంటగది దాకా వరసగా పడకగదులు. సందేహం లేదు, ఇది సర్వమందిర. శాస్త్రప్రకారం దీనిలో పంపవలసినవి రాజుగారి ధనం, గుర్రాలు, అంతఃపుర స్త్రీలు. మహారాజు కాదు. కరపత్రకర్త భోజుణ్ణి చదివి ఉంటే ‘మహారాజాశ్వ వైభవం’ అని రాసేవాడు.

అదే గ్రంథంలో ఇంకొక మాట ఉంది. సముద్రంలో తిరిగే నావ అడుగు పలకలను ఇనుముతో బిగించరాదట. నీటిలోని అయస్కాంత శిలలు లాగేస్తాయట. కారణాన్ని నవ్వి వదిలేయవచ్చు కానీ ఆచారాన్ని కాదు. కేరళ కెట్టువళ్లం మేకు లేకుండా పుట్టిన పడవ. ఆంజిలి పలకల అంచుల వెంట రంధ్రాలు తొలిచి, రెండు పలకల సందున కొబ్బరిపీచు దట్టించి, దానిపై కొబ్బరితాడుతో కుట్టుకుంటూ పోతారు. తాడు ప్రతి రంధ్రంలోనూ బిర్రుగా దిగాలి, లేకపోతే నీరు ఊరుతుంది. పైన జీడిపిక్కల తొక్క నుంచి తీసిన నూనె పూస్తారు, కర్ర నల్లగా నిగనిగలాడుతుంది. మన తూర్పు తీరాన, మద్రాసు కెరటాలలో ఓడల నుంచి మనుషులనూ సరుకులనూ దింపిన మసూలా పడవలూ కుట్టినవే. మేకులు కొట్టిన పడవ కెరటం దెబ్బకు విచ్చుకుంటుంది. కుట్టినది ఒంగి ఒదిగి తట్టుకుంటుంది. అలెప్పీ చుట్టూ ఉన్న కుట్టనాడు బియ్యాన్ని కొచ్చికి చేర్చిన కెట్టువళ్లాలు రోడ్లూ లారీలూ వచ్చాక పని లేక ఒడ్డున పడ్డాయి. తర్వాత వాటి మీద వెదురు తడికల కప్పు వేసి మనల్ని ఎక్కించారు. ఆ కుట్టు మీద చెయ్యి పెట్టి చూశాను. దానికి జానెడు దూరంలో ఏసీ గొట్టాన్ని ఇనుప మరలతో బిగించారు. వేంబనాడు సరస్సులో అయస్కాంత శిల ఒక్కటి ఉన్నా బాగుండును, కనీసం జనరేటరైనా ఊడిపోయేది.

ఏ పదం దగ్గర ఉన్నాం? ‘వాసం’.

శంక: సాయంత్రం అయిదున్నరకల్లా నావను ఒడ్డున కొబ్బరిచెట్టుకు కట్టేస్తారు. రాత్రి జాలరుల వలలు పడతాయి గనుక తిరగకూడదు. ఆ నియమం న్యాయమైనదే. అయితే ఒడ్డుకు కట్టిన దానిలో ఉండటం నీటిపై వాసం ఎలా అవుతుంది?

సమాధానం: లక్షణావృత్తి చేత. గంగలో గొల్లపల్లె అంటే గంగ ఒడ్డున గొల్లపల్లె అని ఆలంకారికులందరూ ఒప్పుకున్నారు. అలా అనడానికి ప్రయోజనాలు రెండు: చల్లదనం, పావనత్వం. ఇక్కడ చల్లదనం రాత్రి 9కి ఏసీ వేశాక సిద్ధిస్తుంది, ఉదయం 6కి కట్టేస్తారు. ఏసీ వేసేదాకా దోమలు.

ఇక పావనత్వం. మరుగుదొడ్డి నీరు ఎటు పోతుందని అడిగాను. ట్యాంకు ఉంది సార్ అన్నారు. ట్యాంకు నిండితే? నవ్వారు. ఇక్కడ అలంకారం అతిశయోక్తియా, ఉన్నదానిని లేదనే అపహ్నుతియా అని తర్కించవచ్చు గానీ నాకు ఓపిక లేదు. విషయం ఇది: కుట్టనాడు పొలాలు సముద్రమట్టానికి దిగువన ఉన్నాయి. ఉప్పునీరు ఎగదన్ని వరిని చంపకుండా 1976లో తన్నీర్‌ముక్కం దగ్గర ఆనకట్ట వచ్చింది. మామూలుగా డిసెంబరు నడుమ గేట్లు మూసి మార్చి నడుమ తెరుస్తారు. రైతుకు అది కావాలి, అతణ్ణి అనేందుకు ఏమీ లేదు. కానీ గేట్లు మూస్తే ఆటుపోట్లు ఇవతలికి రావు, నీరు నిలుస్తుంది, గుర్రపుడెక్క పెరుగుతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే మనం స్వెట్టర్లతో దిగుతాం, బారులు తీరిన నావలన్నీ డీజిలు కక్కుతాయి. 2002లో రామ్‌సర్ అంతర్జాతీయ జాబితాకెక్కిన చిత్తడి నేల ఇది. ఒడ్డున ఇళ్లవాళ్లు ఆ నీళ్లలోనే గిన్నెలు తోముకుంటున్నారు, నేను చూశాను. కరపత్రంలో దీని గురించి ఒక్క అక్షరం లేదు.

అన్వయం: ‘వాసం’ ఎవరిది? వాక్యంలో కర్త లోపించాడు, అధ్యాహారం చేసుకోవాలి. యాత్రికుడే కర్త అని పూర్వవ్యాఖ్యాతలు. పొసగదు. ఇరవై ఒక్క గంటలు, అందులో సగం నిద్ర. దానిని వాసం అనరు. సీజనంతా నావమీద ఉండేది సరంగు, వంటవాడు, సహాయకుడు. తొమ్మిదికి ఒక కుటుంబం దిగుతుంది. దుప్పట్లు మార్చి, గచ్చు కడిగి, చేపలు తెచ్చి పన్నెండుకల్లా ఇంకొక కుటుంబాన్ని ఎక్కించుకోవాలి. గదులు మనవి గనుక వాళ్లు వంటగది పక్కన నడుం వాలుస్తారు. అక్కడ ఏసీ లేదు, జనరేటరు ఉంది. కనుక నౌకాగృహవాసానికి కర్తలు ఆ ముగ్గురే. కరపత్రంలో వాళ్ల ప్రసక్తి ఒక్కచోట ఉంది, వెనక పేజీలో: “సిబ్బందికి టిప్పు మీ ఇష్టం.” వాళ్ల జీతంలో ఎంత భాగాన్ని ఈ ‘మీ ఇష్టం’ మీదికి నెట్టారో మూలకర్తనే అడగాలి. ఫోన్ చేశాను, ఎత్తలేదు.