దేవుళ్ళకు డెమరేజి

ముప్ఫయ్యొక్క ఏళ్ళు విశాఖపట్నం రేవులో ఒక షిప్పింగ్ ఏజెంటు దగ్గర గుమాస్తాగా చేశాను. నా ఉద్యోగమల్లా ఓడలు ఎంతసేపు కాచుకున్నాయో లెక్కగట్టడం. ఓడ యాంకరేజికి ఎన్నింటికి వచ్చింది, ‘వచ్చాం, సిద్ధంగా ఉన్నాం’ అని ఎన్నింటికి నోటీసిచ్చింది, పైలట్ ఎప్పుడెక్కాడు, బెర్తుకు ఎప్పుడు కట్టారు, వానకు పని ఎన్ని నిమిషాలు ఆగింది, అన్నీ ఒక కాగితం మీద రాసి కెప్టెన్ చేత సంతకం పెట్టించాలి. ఆ కాగితం పేరు స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్. ఒప్పుకున్న గడువు దాటి ఓడను నిలబెడితే, సరుకు తాలూకు మనిషి రోజుకింత అని ఓడ యజమానికి కట్టాలి. అదే డెమరేజి. ఒకసారి మొదలైందంటే మామూలుగా ఆదివారమూ ఆపలేదు, సంక్రాంతీ ఆపలేదు. 1933 డిసెంబరులో రేవు తెరిచిన నాటినుంచి మా ఊళ్ళో ఇనప ఓడ కాచుకోవడానికి కూడా ఒక ధర ఉంది.

అలాంటి ఊరివాణ్ణి, మొన్న హైదరాబాదులో ఒక టీవీ టాక్ షో షూటింగు బయట ఏడు గంటల నలభై నిమిషాలు నిలబడ్డాను. నాకు ముట్టిన డెమరేజి ఒక సమోసా, ఒక చిన్న మంచినీళ్ళ సీసా. సమోసా అప్పటికే చల్లారింది.

తప్పు మా ఆవిడది కాదు. ఆవిడ 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పటినుంచి టీవీ ముందు నిష్ఠగా కూర్చునే మనిషి. ‘ఆలీతో సరదాగా’లో ఎవరు ఎక్కడ కళ్ళు తుడుచుకున్నారో, 2021లో బాలకృష్ణ ‘అన్‌స్టాపబుల్’ మొదలుపెట్టాక ఏ హీరో ఏ ప్రశ్నకు తడబడ్డాడో చెప్పగలదు. మేం వెళ్ళిన షో పేరు మాత్రం రాయను. వాళ్ళు ఫోనుకు పంపిన పాసు మీద ‘ప్రేక్షక దేవుళ్ళకు స్వాగతం, ఉదయం 9 గంటలకు రిపోర్ట్ చేయండి’ అని ఉంది. దేవుణ్ణి రిపోర్ట్ చెయ్యమన్న పూజారిని నేను అదే చూడటం. అయినా సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారేసరికి దిగి, బట్టలు మార్చుకుని లైన్లో నిలబడ్డాం.

‘ప్రేక్షక దేవుళ్ళు’ అన్న మాట మీద నాకు మొదటినుంచీ అనుమానమే. మా సింహాచలంలో అప్పన్న ఏడాది పొడుగునా చందనం పూతలో ఉండి, అక్షయ తృతీయనాడు ఒక్కరోజు నిజరూపం చూపిస్తాడు. ఆ రోజు భక్తులు గంటలకొద్దీ క్యూలో ఉంటారు, దేవుడు లోపల ఉంటాడు. ఎవరు ఎవరికోసం కాచుకుంటున్నారో ఎవరికీ సందేహం లేదు. టీవీవాళ్ళ మతంలో ఇది తిరగబడింది. దేవుళ్ళు ఎండలో వరసగా నిలబడతారు, భక్తుడు ఏసీ కారవాన్‌లో మేకప్ వేయించుకుంటూ ఉంటాడు. తీరా బయటికి వచ్చి మైకు పట్టుకుని ‘మీరే మా దేవుళ్ళు’ అంటాడు. దేవుళ్ళు చప్పట్లు కొడతారు. చప్పట్లు సరిగా రాలేదని దేవుళ్ళను ఒకడు కసురుతాడు.

కాచుకోవడం విశాఖవాడికి కొత్త కాదు, అది ఒప్పుకోవాలి. 1966లో ఉక్కు ఉద్యమంలో ముప్ఫై రెండు మంది ప్రాణాలిస్తే, 1970లో ఇందిరాగాంధీ ఉక్కు ఫ్యాక్టరీ ఇస్తున్నామని పార్లమెంటులో చెప్పింది. 1971లో శంకుస్థాపన. జాతికి అంకితం చేసేసరికి 1992. సొంత గనులకోసం ఇప్పటికీ యాంకరేజిలోనే ఉన్నాం. ఫ్యాక్టరీకి భూములిచ్చిన ఊళ్ళలో ఉద్యోగంకోసం కాచుకుంటూ తాతలైపోయినవాళ్ళున్నారు. రైల్వే జోన్ 2019 ఫిబ్రవరిలో ప్రకటిస్తే 2025 జనవరిలో శంకుస్థాపనదాకా వచ్చింది. సినిమా పరిశ్రమ విశాఖకు తరలివస్తుందన్న మాట నా పెళ్ళికి ముందునుంచీ వింటున్నాను. భీమిలి రోడ్డులో కొండమీద రామానాయుడు స్టూడియో కట్టారు, దారిన పోతూ బస్సులోంచి చూస్తాం. ఇన్ని చేశాం కాబట్టే టీవీవాళ్ళ లైనులో మేం ఎవరికంటేనూ తక్కువ నిలబడం. అయితే ఫ్యాక్టరీకోసం నిలబడటానికీ, యాంకరమ్మ నవ్వుకోసం నిలబడటానికీ తేడా ఉండొద్దా? మా రేవులో యాంకరు వేస్తే ఓడ ఆగుతుంది. ఇక్కడ యాంకరు రాలేదని జనం ఆగారు.

లైన్లో మొదటి గంట బట్టల తనిఖీ. తెల్ల చొక్కా పనికిరాదు, లైటింగుకు మెరుస్తుందిట. సన్నగీతల చొక్కా పనికిరాదు, కెమెరాలో పురుగులు పాకినట్టు కనబడుతుందిట. ఆకుపచ్చ చీరలు పక్కకి రమ్మన్నారు. నాది సన్నగీతల చొక్కా. చివరి వరస అని రాసుకున్నారు. పక్కనే ఒక పెద్దాయన, షోకి వచ్చే హీరో బొమ్మ అచ్చేసిన టీషర్టు వేసుకొచ్చాడు. అభిమానం మరీ ఎక్కువగా కనబడుతోందని లోపలికి తిప్పి తొడుక్కోమన్నారు. హీరోగారి ముఖం ఆయన పొట్టకు అంటుకుని ఆరోజంతా ఉక్కిరిబిక్కిరి అయింది.

పక్కన ఇంకో లైను ఉంది. వాళ్ళు నిలబడలేదు, కూర్చున్నారు. పాత పేపర్లు, టిఫిను డబ్బాలు, ఒకావిడ చేతిలో చిక్కుడుకాయలు కూడా. కృష్ణానగర్ నుంచి కోఆర్డినేటరు తీసుకొచ్చిన జీతం ఆడియన్స్ వాళ్ళు. చిక్కుడుకాయలావిడ మాట వినగానే మా వైపు మనిషని తెలిసిపోయింది.

“ఏ ఊరు బాబూ మీది?”

“విశాఖపట్నం.”

“ఓలమ్మో! అక్కడినుండి రైలుకి డబ్బులెట్టుకుని వొచ్చినారా? మీకెంతిస్తన్నారేటి?”

“ఏమీ ఇవ్వరమ్మా. ఉచిత పాసు.”

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, పక్కావిడతో “పాపం, అభిమానులంట” అంది, ఏదో జబ్బు పేరు చెప్పినట్టు. తరవాత జాలిపడి వృత్తిరహస్యాలు కొన్ని చెప్పింది. తొమ్మిదంటే రెండని అర్థం. లోపల చలి, శాలువా ఉండాల. నవ్వమన్నప్పుడు పళ్ళు కనబడాల. “సప్పుడు రాకపోయినా పరవాలేదు బాబూ, సప్పుడు ఆళ్ళే ఎట్టుకుంటారు.”

ఆవిడకు తెలీదుగానీ, సప్పుడు పెట్టుకునే యంత్రానికి డెబ్భై ఏళ్ళ చరిత్ర ఉంది. అమెరికాలో సీబీఎస్ ఇంజనీరు చార్లీ డగ్లస్ 1950లలో టైపుమిషను మీటల్లాంటివి ఉన్న పెట్టె తయారుచేశాడు. ఒక మీట నొక్కితే ముసిముసి నవ్వు, ఇంకోటి నొక్కితే పగలబడి నవ్వు. పెట్టెకు తాళం వేసి, ఎవరికీ లోపల చూపించేవాడు కాదు. అంతకుముందు సంగతంటారా, పంతొమ్మిదో శతాబ్దం పారిస్ నాటకశాలల్లో చప్పట్లవాళ్ళ ముఠాలుండేవి. వాళ్ళలో నవ్వేవాళ్ళు వేరు, కళ్ళకు రుమాలు అద్దుకునేవాళ్ళు వేరు, ‘మళ్ళీ, మళ్ళీ’ అని అరిచేవాళ్ళు వేరు. ఇంకా వెనక్కి వెళితే నీరో చక్రవర్తి. తన పాటకు చప్పట్లు కొట్టడానికి ఐదువేలమంది కుర్రాళ్ళను పెట్టుకున్నాడు. వాళ్ళ చప్పట్లలో రకాలకు తేనెటీగలు, గూనపెంకులు, ఇటుకలు అని పేర్లు కూడా ఉండేవని ఒక రోమన్ చరిత్రకారుడు రాశాడు. నీరోను ఎన్నయినా అనండి, చప్పట్లు కొట్టించే నాయకులకు ఒక్కొక్కరికీ నాలుగు లక్షల సెస్టర్సులు ఇచ్చాడు. సమోసాతో సరిపెట్టలేదు.

నాలుగు గంటల నలభై నిమిషాలకు బెర్తు దొరికింది. చలి గురించి ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. చలిగా ఉంటే నవ్వు బాగా పలుకుతుందని న్యూయార్కులో డేవిడ్ లెటర్‌మన్ తన థియేటరును చలికాలంలా ఉంచేవాడు. ఆ సిద్ధాంతం ఇక్కడికి చేరింది. ఎండలో వేయించి మంచులో పెట్టారు. ఉక్కుకు పదును పెట్టేవాళ్ళు అలాగే చేస్తారనుకోండి.

ఫోర్‌మన్‌లాంటి ఫ్లోర్ మేనేజరు కుర్రాడు వచ్చి, “సార్ ఇంకా రాలేదు, ఈలోగా మనం రియాక్షన్స్ తీసేసుకుందాం” అన్నాడు. చిన్న నవ్వు. పెద్ద నవ్వు. పక్కవాళ్ళ భుజం మీద కొట్టి నవ్వు. ఆశ్చర్యం. గుండె బరువు. ఎదురుగా ఖాళీ సోఫా. ఓడ రాకముందే ఇనప ఖనిజాన్ని యార్డులో గుట్టపోసినట్టు మా నవ్వులన్నీ గుట్టపోశారు. నేను నవ్విన నవ్వుకు జోకు రెండు గంటల తరవాత పుట్టింది. పుట్టిన జోకుకు నేను నవ్వలేదు. పిల్లకు ముందే బారసాల చేస్తే అంతే మరి.

“వన్స్ మోర్!” అన్నాడు ఆ కుర్రాడు.

ఆ మాట వినగానే ప్రాణం చివుక్కుమంది. మా చిన్నప్పుడు గాజువాక వైపు పండగ పందిళ్ళలో పౌరాణిక నాటకాలు వేసేవారు. వాటికీ కాచుకునేవాళ్ళం, సందేహం లేదు. పొద్దుండగానే చాపలు పరిచి, పిల్లల్ని కాపలా పెట్టేవారు. తొమ్మిదింటి నాటకం పదకొండుకి మొదలయ్యేది. కాటిసీనులో హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకుంటే చాపమీది మనిషి “వన్స్ మోర్” అని అరిచేవాడు. ఆయన చచ్చినట్టు మళ్ళీ పాడేవాడు. నచ్చకపోతే ఈలలు, ఇంకా నచ్చకపోతే చాప చుట్టుకుని పోవడమే. అప్పుడు ‘వన్స్ మోర్’ చూసేవాడి నోట్లో ఉండేది. ఇప్పుడు అది చూపించేవాడి నోట్లోకి పోయింది. హరిశ్చంద్రుడు సోఫాలో కూర్చుని ఫోను చూసుకుంటుంటాడు, చాపమీది మనిషి చప్పట్లే మళ్ళీ మళ్ళీ పాడాలి. పోదామంటే చాపా మనది కాదు, గేటూ మనది కాదు.

‘ఎవరూ బలవంతపెట్టలేదు కదండీ, మీరే వచ్చారు’ అంటారు. నిజమే. ఓడ కూడా దానంతటదే వచ్చింది. అందుకని డెమరేజి మానేస్తారా? సీట్లకంటే ఎక్కువమందిని ఎందుకు పిలుస్తారని అడిగితే, కొందరు రారుగా అంటారు. అమెరికాలోనూ ఇంతేనట, ఉచిత టిక్కెట్టు ఉన్నంతమాత్రాన సీటు ఉన్నట్టు కాదు. అసలు కారణం ఏమిటంటే, ఖాళీ సీటు కెమెరాకు కనబడుతుంది, గేటు బయట ఎండే మనిషి కనబడడు. ఆ అమెరికాలోనే 2004లో ఓప్రా విన్‌ఫ్రీ తన షోకి వచ్చిన 276 మందికీ తలా ఒక కారు ఇచ్చింది కదా అని మా ఆవిడ గుర్తుచేసింది. ఇచ్చింది. తరవాత ఆ కార్లమీద పన్ను వాళ్ళే కట్టుకోవాల్సి వచ్చింది. మన సమోసాకు ఆ బాధ లేదు.

మూడు వారాల తరవాత ఎపిసోడు వచ్చింది. మా వీధివాళ్ళందరూ మా ఇంట్లోనే. హీరోగారు తొలిరోజుల్లో ఇడ్లీకి డబ్బులేక పడుకున్న రాత్రి గురించి చెబుతున్నారు. వెనక వయొలిన్. తెరనిండా నా ముఖం. కళ్ళు ఎర్రగా, ముక్కు కారుతూ, పెదవి వణుకుతూ. అది ఏసీకి వచ్చిన జలుబు. పక్కింటి పిన్నిగారు నా చెయ్యి పట్టుకుని “ఎంత సున్నితమైన మనసు బాబూ నీది” అంది. సొంత తండ్రి పోయినప్పుడు కూడా నేనంత బాగా ఏడవలేదని మా అన్నయ్య ఫోన్ చేశాడు. మా ఆవిడ, ఎవరికోసం వెళ్ళామో ఆ మనిషి, ఎక్కడా కనబడలేదు. ఆకుపచ్చ చీర.

ఆ రాత్రి పాత అలవాటు చొప్పున లెక్క వేశాను. ఉదయం 9.00 నోటీసు ఇవ్వబడినది. సాయంత్రం 4.40 బెర్తు. లోడింగు: నవ్వులు మూడు రకాలు, ఆశ్చర్యం ఒకటి, ఏడుపు ఒకటి (అది ఒప్పందంలో లేదు, ఉచితంగా పట్టుకుపోయారు). రాత్రి 11.15 ఓడ బయల్దేరినది. కోఆర్డినేటరు చిక్కుడుకాయలావిడకు ముట్టచెప్పిన కూలిరేటుతో గుణిస్తే నాకు రావలసింది పెద్ద మొత్తమేమీ కాదు. ఆవిడ మాత్రం వెళ్ళేముందు డబ్బులు లెక్కపెట్టుకుని, ఒక నోటు చిరిగిందని మార్పించుకుని మరీ వెళ్ళింది.

షూటింగు రోజున బయటికొచ్చేటప్పుడు మా ఫోన్లు తిరిగి ఇవ్వడానికి ఒక కాగితం మీద సంతకం అడిగారు. నా ముఖాన్ని, గొంతును, హావభావాల్ని ఈ విశ్వంలో ఎక్కడైనా, ఎప్పటికైనా, ఏ రూపంలోనైనా వాడుకోవచ్చునని అందులో ఉంది. విశ్వంలో అంటే చంద్రమండలం కూడానా అని అడిగితే, కుర్రాడు “అంకుల్, వెనక జనం ఉన్నారు” అన్నాడు. సంతకం పెట్టాను. లెక్క నచ్చని కెప్టెన్లు కాగితం తిప్పిపంపేవాళ్ళు కాదు, సంతకం కింద రెండు ముక్కలు రాసేవాళ్ళు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు చూసిన చెయ్యి కదా, నా పేరు కింద అదే రాసింది: ‘అండర్ ప్రొటెస్ట్’. కుర్రాడు చదవకుండా కట్టలో పెట్టి, నా ఫోను నాకిచ్చాడు.