బేరం చావలేదు, ఫోన్లో దూరింది

మహారాష్ట్రలోని చంద్రపూర్ స్టేషన్ బయట ఆటో మాట్లాడుకోవాలంటే జేబులో డబ్బు కన్నా ముందు నోట్లో సత్తా ఉండాలి. కాగజ్‌నగర్ నుంచో మంచిర్యాల నుంచో రైల్లో వచ్చిన మనవాడు "మహాకాళి గుడికి ఎంత?" అని హిందీలో మొదలుపెడతాడు. చెప్పిన రేటును సగానికి కోస్తాడు. డ్రైవరు సూర్యుణ్ని సాక్ష్యానికి పిలుస్తాడు. ఎండ 47 డిగ్రీలు దాటే ఊళ్లో అంతకన్నా గట్టి సాక్షి దొరకడు. ఈలోగా ఒకరి యాస ఒకరికి దొరికిపోతుంది.

"మనోళ్లే కదన్నా, ఇరవై తగ్గియ్యి!"

"మనోళ్లే కదన్నా, ఇరవై ఎక్కువిస్తే ఏం పోతది?"

తెలుగువాళ్ల ఐక్యత ఖరీదు అక్కడికక్కడే తేలిపోతుంది.

డాలస్ నుంచి సెలవులకొచ్చిన బావగారు ఇది చూసి తల పట్టుకుంటారు. "మా దగ్గర ఫోన్లో రేటు కనిపిస్తుంది, కారొస్తుంది, ఎక్కుతాం, దిగుతాం. ఒక్క మాటుండదు." నిజమే. భాష రాని దేశంలో అర్ధరాత్రి విమానం దిగినవాడికి ముందే తెలిసిన ధర పెద్ద వరం. ఒక్క మాట ఉండదన్నదీ నిజమే, మాట్లాడేది యాప్ ఒక్కటే కనుక. 2014 డిసెంబరులో సిడ్నీ నడిబొడ్డున ఓ కేఫ్‌లో సాయుధుడు జనాన్ని బందీలుగా పట్టుకుంటే, ఆ చుట్టుపక్కల నుంచి బయటపడాలనుకున్నవాళ్లకు ఉబర్ యాప్ రేట్లు అమాంతం పెంచి చూపింది. తిట్లు పడ్డాకే డబ్బు వెనక్కిచ్చింది. ఆటోవాలా వానను చూసి పెంచితే దోపిడీ, యాప్ తుపాకీని చూసి పెంచితే డిమాండు!

మన కేంద్ర ప్రభుత్వం కూడా ఈ విద్యను మెచ్చింది. రద్దీ వేళ మూల ఛార్జీకి ఒకటిన్నర రెట్ల దాకా అని 2020లో గీసిన గీతను 2025 జులైలో రెండు రెట్లకు జరిపింది.

అసలు తమాషా ఇన్‌డ్రైవ్‌ది. సైబీరియాలోని యాకూత్స్క్‌లో గడ్డకట్టే చలిని అడ్డం పెట్టుకుని టాక్సీలవాళ్లు రేట్లు పెంచేస్తే, ఒళ్లుమండిన జనం కట్టుకున్న గుంపులోంచి పుట్టిన యాప్ అది. అందులో ప్రయాణికుడు తన ధర చెబుతాడు, డ్రైవరు తన ధర చెబుతాడు. అంటే బేరమే! చంద్రపూర్ ఎండలో ఆడితే అనాగరికం, యాకూత్స్క్ చలిలో ఆడితే అంతర్జాతీయ వ్యాపారం.

ఇంతకీ ఛార్జీలు ఖరారు చేయించే అధికారం 1988 మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వానిది. ఆ రేట్లను స్టేషన్ గోడ మీద మరాఠీలో, హిందీలో, తెలుగులో రాయించడానికి ఉపగ్రహాలు అక్కర్లేదు, ఒక డబ్బా రంగు చాలు. ఇరవై రూపాయల కోసం ఆటోవాలా మీద లేచే గొంతును, అయ్యా, ఆ బోర్డు కోసం ఒక్కసారి ఆర్టీవో ఆఫీసు ముందు లేపండి.