రద్దును రద్దు చేసిన రద్దు

ఒక పనిని తలకిందులు చెయ్యడానికి ఇంగ్లీషువాడి దగ్గర డజను మాటలున్నాయి. రివర్స్, రివర్ట్, ఇన్వర్ట్, రిపీల్, రిసిండ్, రివోక్, క్వాష్, సెట్ అసైడ్... ఏది ఎక్కడ వాడాలో తెలీక పోటీ పరీక్షల పిల్లలు జుట్టు పీక్కుంటున్నారు. ఎందుకొచ్చిన యాతన? ఆంధ్రదేశంలో పుట్టినందుకు ఒక్కో మాటకీ ఒక్కో ఉదాహరణ ప్రభుత్వమే ఇంటికి పంపిస్తోంది. కోచింగ్ సెంటర్‌కి ఫీజు కట్టక్కర్లేదు. విజయనగరం జిల్లా రామతీర్థంలో ఏ అరుగు మీదో కూర్చుని పాత పేపర్లు తిరగేస్తే చాలు.

తేలికపాటివి ముందు కానిద్దాం. నెల్లిమర్ల నుంచి జనాన్ని కుక్కుకొచ్చే ఆటోవాడికి రివర్స్ గేరు తెలుసు. ఎండాకాలం కరెంటు పోయే ఊరు గనక ఇన్వర్టరూ తెలుసు. బ్యాటరీలో ఉన్న డీసీని ఏసీగా మార్చి ఫ్యాను తిప్పుతుందది. మరి ఆ పనికి సరిగ్గా తిరుగుడు పని, ఏసీని డీసీగా మార్చేదాన్ని ఏమనాలి? రివర్టర్ అంటారేమోనని మనం అనుకుంటాం. కాదు, దాని పేరు రెక్టిఫయర్. అనగా సరిదిద్దునది. ఈ ముక్క ఏ ఇంజనీరు చెవిన వేశాడో గానీ సచివాలయం దాన్ని వేదంలా పట్టుకుంది. గద్దెనెక్కిన ప్రతివారూ రెక్టిఫయరే, దిగిపోయినవారు ఇన్వర్టరు. ఐదేళ్లకోసారి బోర్డులు మారుతుంటాయి. తీగలవే, షాకూ అదే.

రివర్ట్ సంగతి ఇంకా సొగసు. మన ఆఫీసుల్లో రివర్షన్ అంటే ప్రమోషనిచ్చిన వాణ్ణి మళ్లీ పాత కుర్చీలో కూలెయ్యడం. ఈమెయిల్ అడుగున ‘ప్లీజ్ రివర్ట్’ అని ఉంటే జవాబియ్యమని అర్థం. ఈ రెండో అర్థం విని లండన్ దొర తెల్లబోతాడు, మన గుమస్తా మాత్రం తడుముకోడు. పైవాళ్లకి జవాబిచ్చిన వాడు కిందికి దిగిపోవడం సర్వీసులో వాడు ఎరగనిదా?

అసలు విందు రిపీల్ దగ్గరుంది. శాసనసభ చేసిన చట్టాన్ని శాసనసభే తీసేస్తే రిపీల్. అమరావతి కోసం 2014లో సీఆర్డీఏ చట్టం చేశారు. మూడు రాజధానుల ముచ్చట పుట్టి, 2020లో ఆ చట్టాన్ని రద్దు చెయ్యడానికి ఇంకో చట్టం చేశారు. పేరులోనే రిపీల్ ఉన్న చట్టమది. 2021 నవంబరు 22న ఆ రిపీల్ చట్టాన్ని రిపీల్ చేసే బిల్లు అదే సభలో, అదే మెజారిటీతో, అవే బల్లల చప్పుళ్ల మధ్య పాసైంది. రద్దు చేసిన రద్దును రద్దు చేస్తే పాతది బతికొస్తుందా? రాదంటుంది కేంద్రం వారి జనరల్ క్లాజెస్ చట్టం, ఏడో సెక్షన్. మొదటి చట్టాన్ని లేపుతున్నామని విడిగా రాస్తేనే లేస్తుందిట. తెల్లదొరలు ఆ చట్టం రాసింది 1897లో. మన గురజాడ వారి కన్యాశుల్కం అచ్చయిన ఏడూ అదే. గిరీశం గనక ఆ ఏడో సెక్షన్ చదివి ఉంటే వెంకటేశానికి ట్యూషన్ మానేసి తిన్నగా లా డిపార్ట్‌మెంటులో చేరిపోయేవాడు.

ఇక రామతీర్థానికే వద్దాం. 2020 డిసెంబరు ఆఖర్లో బోడికొండ మీద కోదండరాముడి విగ్రహం తల నరికేశారు. జిల్లా అంతా గుండె బాదుకుంది. నరికినవాడి సంగతి తేలకముందే జీవో తేలింది. 2021 జనవరి 2న ఆలయ చైర్మన్ పదవి నుంచి అశోక్ గజపతిరాజును తొలగించారు. అంతకుముందు 2020 మార్చిలోనే మాన్సాస్ ట్రస్టు చైర్మన్ కుర్చీలోంచి ఆయన్ని లేపి సంచయిత గజపతిరాజును కూర్చోబెట్టారు. 2021 జూన్ 14న హైకోర్టు ఆ మార్పు తాలూకు జీవోలను సెట్ అసైడ్ చేసింది. ఆయన మళ్లీ కూర్చున్నారు. కుర్చీకి ఈ ఇంగ్లీషేదీ అర్థం కాలేదు. దానికి తెలిసిందల్లా బరువు మారిందనే.

మన పత్రికలు ఆ మర్నాడు ‘జీవోలను కొట్టేసిన హైకోర్టు’ అని రాశాయి. ఇక్కడ తెలుగు ప్రతాపం చూడాలి. కోర్టు జీవోను కొట్టేస్తే కేసు వేసినవాడు గెలిచినట్టు. కోర్టు పిటిషన్ కొట్టేస్తే వాడే ఓడినట్టు. ఇంగ్లీషులో రెండింటికీ రెండు వేరే మాటలు, మనకి ఒకే దెబ్బ. ‘కోర్టు కొట్టేసిందిట’ అని సగం వార్త చెవిన పడితే చాలు, రెండు పార్టీల వాళ్లూ టపాకాయలు కాల్చేస్తారు. జేబులో పర్సు పోయినా కొట్టేశారనే అంటాం గనక, మధ్యలో మనమేం పోగొట్టుకున్నామో కూడా ఆ ఒక్క మాటలోనే ఇమిడిపోతుంది.

ఆ ఏడే డిసెంబరు 22న కొండ మీద కొత్త గుడికి శంకుస్థాపన. రాముడికి గుడెప్పుడన్నది వెనక్కిపోయి, శిలాఫలకం మీద పేరెవరిదన్నది ముందుకొచ్చింది. తోపులాట జరిగింది, పోలీసు కేసూ అయింది. ఈ కొండల్లో ఒకప్పుడు బౌద్ధులుండేవారు, జైనులుండేవారు. గురుభక్తకొండ మీద విహారం శిథిలాలు, దుర్గకొండ మీద తీర్థంకరుల బొమ్మలు ఇప్పటికీ చూడొచ్చు. తర్వాత రాముడొచ్చాడు. అన్ని వందల ఏళ్లలో అన్ని మతాలు మారినా ఒక్కదానికీ జీవో నంబరు లేదు, ఫలకం మీద పేరుకి తోపులాట జరిగినట్టూ లేదు. వెనకబడిన కాలం మరి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. శాసనమండలిని 1985లో ఎన్టీఆర్ తీసేశారు. 2007లో రాజశేఖరరెడ్డి హయాంలో తిరిగొచ్చింది. 2020 జనవరి 27న ఆయన కొడుకు దాన్ని తీసెయ్యమని సభ చేత తీర్మానం చేయించారు. 2021 నవంబరు 23న ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నారు. విత్‌డ్రా అంటే అదన్నమాట. 2019లో రివర్స్ టెండరింగ్ వచ్చింది. తక్కువకి కోట్ చేసినవాడి ధరను మొదటి మెట్టుగా పెట్టి ఇంకా కిందికి పాడించే వేలంపాట. 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. రివర్స్‌ని రివర్స్ చేస్తే ముందుకెళ్లాలి కదా అంటే, పాత టెండరు పద్ధతి దగ్గరికి వెళ్లింది. మన భోగాపురం విమానాశ్రయానికైతే 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు ఒక శంకుస్థాపన, 2023 మేలో జగన్ ఇంకో శంకుస్థాపన. వేసిన పునాదిరాయిని మళ్లీ వెయ్యడానికి ఇంగ్లీషులో మాటే లేదు. పాపం, ఆ భాషకి అంత అవసరం ఎన్నడూ పడలేదు.

రాయంటే గుర్తొచ్చింది. 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలుపెట్టి, ఆ పథకానికి ‘శాశ్వత భూహక్కు, భూరక్ష’ అని పేరు పెట్టారు. చేల గట్ల మీద గ్రానైట్ రాళ్లు పాతి వాటి మీద నాయకుడి పేరు చెక్కించారు. పాసు పుస్తకం మీద నాయకుడి ఫొటో అచ్చేయించారు. ల్యాండ్ టైట్లింగ్ చట్టమూ 2023లో అమల్లోకి వచ్చింది. 2024 జులైలో కొత్త సభ ఆ చట్టాన్ని రిపీల్ చేసింది. పాసు పుస్తకం మీద ఫొటో పోయి రాజముద్ర వచ్చింది. మరి రాళ్ల సంగతేమిటి? కాగితం మీద మాటయితే రిసిండ్ అనొచ్చు. గ్రానైట్ మీద అక్షరానికి గ్రైండింగ్ మిషనొక్కటే దిక్కు. శాశ్వతం అనే మాటకి ఇకమీదట నిఘంటువులో నాలుగేళ్లు అని రాసుకుంటే సరిపోతుంది.

ఈ వ్యాకరణమంతా ఒక ముసలి రైతుకి ఓపిగ్గా వివరించాను. చట్టమైతే రిపీల్ అనీ, జీవో అయితే రిసిండ్ అనీ, సస్పెన్షనైతే రివోక్ అనీ, కోర్టయితే క్వాష్ అనీ. ఆయన చుట్ట ఆర్పి చెవిలో దోపుకుని, “అదంతా సరేగానీ బావూ, నా సేను నాదేనా? ఆ రాయి ఇప్పుడు ఉన్నట్టా, నేనట్టా?” అన్నాడు. ఇంగ్లీషు రాని మనిషి కదా, అలాంటి మొరటు ప్రశ్నలే వేస్తాడు.

ఇంగ్లీషంటే దాని కథా ఇదే. సర్కారు బడుల్లో తెలుగు మాధ్యమం తీసేసి ఇంగ్లీషు పెడుతూ 2019లో జీవోలిచ్చారు. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఆ కొట్టివేతను ఇంగ్లీషులో సరిగ్గా ఏమనాలో పిల్లాడికి తెలియాలంటే, ఆ కొట్టేసిన మీడియంలోనే వాడు చదివి ఉండాలి.

మన నాయకులు మాత్రం ఈ మాటలేవీ తమకి వర్తించవంటారు. ఒకాయన మాట తప్పరు, మడమ తిప్పరు. ఇంకొకాయన 2016లో ప్రత్యేక ప్యాకేజీకి సరేనని, 2018లో కాదని కూటమి లోంచి బయటికొచ్చి, 2024లో అదే కూటమిలోకి వెళ్లారు. దాన్ని యూటర్న్ అంటే ఆ పార్టీ వారికి కోపం. ఒకరు మడమ తిప్పలేదు, ఒకరు బండి తిప్పలేదు. అయినా బయల్దేరిన చోటే ఉన్నామంటే రోడ్డే వెనక్కి తిరిగిందనుకోవాలి. ఆర్ అండ్ బీ వారిని సస్పెండ్ చెయ్యడం న్యాయం. తర్వాత రివోక్ చెయ్యొచ్చు.

ప్రజల సొమ్ముతో ఇన్ని జీవోలు అచ్చేయించే బదులు నాదొక మనవి. ఒక్కటే ఫారం అచ్చేయించండి. “గత ప్రభుత్వము చేసిన పైన తెలిపిన పనిని ప్రజాభీష్టము మేరకు రిపీల్ / రిసిండ్ / రివోక్ / విత్‌డ్రా చేయడమైనది. వర్తించనిది కొట్టివేయుము.” తేదీ, సంతకం దగ్గర ఖాళీ వదలండి. కాగితానికి రెండు వైపులా అదే అచ్చు ఉండాలి. ఐదేళ్ల తర్వాత వచ్చేవారు తిరగేసుకుంటారు.