ఒక జాబ్‌కార్డుకు ఘంటాపథ వ్యాఖ్య

అవతారిక

మా బామ్మర్ది లారీ మొన్న ఎండాకాలం దోర్నాల వైపు నుంచి లోడుతో వస్తూ, శ్రీశైలం డ్యాం దాటాక ఈగలపెంట ఎక్కుడులో వేడెక్కింది. ఆగుతూ ఆగుతూ దోమలపెంట చేరేసరికి తొమ్మిది దాటింది. పులుల అడవి, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు వేస్తారు. బండి రాత్రంతా అక్కడే నిలిచింది. పొద్దున ఇంజన్ చల్లారాక క్లీనర్ రేడియేటర్ మూత తీస్తే నీళ్ల మీద నల్లటి మీగడ. ఎట్లాగో అచ్చంపేట దాకా తెచ్చుకుని, అక్కడి నుంచి తాడు కట్టి పట్నంలో ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కు తోలించారు. నాలుగో రోజు ఫోనుకు జాబ్‌కార్డు అని ఒక కాగితం వచ్చింది. బామ్మర్ది దాన్ని నాకు పంపాడు. ముప్పై ఏళ్లు బళ్లో తెలుగు చెప్పినవాణ్ని, కాగితమేమో తెలుగులో ఉంది, ఇంకేం కావాలని అతని ధీమా. ఆ కాగితంలోని వాక్యద్వయాన్ని వ్యాఖ్యానించుటకు పూనుకొనుచున్నాను.

మూలము

"వాహనము యొక్క శీతలీకరణ వ్యవస్థయందు ఇంజన్ ఆయిల్ కలుషితము గమనించబడినది. తదనుగుణముగా ఇంజన్ సంపూర్ణముగా విప్పబడవలసియున్నది."

దీని కింద అంచనా వ్యయం, లక్షా డెబ్బై వేలు. ఈ పాఠానికి పాఠాంతరం లేదు.

టీక

వాహనము, యొక్క, వ్యవస్థ: తెలిసినవే, వదిలేస్తున్నాను. సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి ఆధారం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ముందే ప్రతిజ్ఞ చేసి మరీ వ్యాఖ్యకు దిగాడు. ఆయన ఊరు మన మెదక్ దగ్గరి కొల్చారమే అంటారు. మనవైపు పెద్దమనిషి గనుక మొదటి సగం పాటిస్తాను. రెండో సగం నావల్ల కాదు.

ఇంజన్ ఆయిల్ కలుషితము: అసలు చిక్కు ఇక్కడుంది. దీనికి విగ్రహవాక్యం ఏది? ఆయిల్ చేత కలుషితము అంటే తృతీయా తత్పురుష. అప్పుడు చెడింది నీళ్లు, చెరిచింది ఆయిల్. కలుషితమన్నది కాలుష్యానికి వచ్చిన పొరపాటు అనుకుని ఆయిల్ యొక్క కాలుష్యం అంటే షష్ఠి. అప్పుడు చెడింది ఆయిల్, చెరిచింది నీళ్లు. పరీక్షలో పిల్లవాడు ఏది రాసినా అర మార్కు వేసి పంపేవాణ్ని. ఇక్కడ సమాసం మారితే బిల్లు మారుతుంది.

సందేహం తీర్చుకోవడానికి అచ్చంపేటలోనే, వేపచెట్టు కింద షెడ్డు వేసుకున్న ముసలి మిస్త్రీ దగ్గరికి పోయాను. కాగితం చదివి వినిపించాను. రెండో వాక్యం మధ్యలోనే చెయ్యి అడ్డం పెట్టి అడిగాడు: "అది సరే సారూ, గేజీల ఆయిల్ తగ్గిందా, రేడియేటర్ల నీళ్లు తగ్గినయా?"

ముప్పై ఏళ్లలో విగ్రహవాక్యం ఇంత సూటిగా అడిగినవాణ్ని చూడలేదు.

ఆయన చెప్పిందాన్ని నా భాషలో పెడతాను. ఇంజన్ పక్కన ఆయిల్ కూలర్ అని ఒకటుంటుంది. పలుచని రేకులకు ఒకవైపు ఆయిల్, ఇంకోవైపు నీళ్లు. రెండూ తాకకుండా వేడి మాత్రం ఇటునుంచి అటు పోతుంది. ఇంజన్ నడిచేటప్పుడు ఆయిల్ ఒత్తిడి మూడు నాలుగు కేజీలుంటుంది, రేడియేటర్‌లో ఒక కేజీ దాటదు. రేకుకు చిల్లి పడితే బలమున్న ఆయిల్ నీళ్లలోకి దూరుతుంది. ఇది తృతీయ. ఇంజన్ ఆపగానే ఆయిల్ ఒత్తిడి సున్నా. కాగిన నీళ్ల ఒత్తిడి మాత్రం చల్లారేదాకా ఉంటుంది. అప్పుడు అదే చిల్లిలోంచి నీళ్లు ఆయిల్‌లోకి వస్తాయి. ఇది షష్ఠి. అంటే ఈగలపెంట ఎక్కుడులో తృతీయగా ఉన్న సమాసం దోమలపెంట గేటు దగ్గర ఆగాక షష్ఠి అయింది. పాణినికి డీజిల్ ఇంజన్ లేకపోవడం మన అదృష్టం.

హెడ్ గ్యాస్కెట్ పోతే తీరు వేరు. బండి స్టార్ట్ చేయగానే, ఇంకా వేడెక్కకముందే, రేడియేటర్‌లో బుడగలు లేస్తాయి. లైనర్ కింది రబ్బరు రింగులు పోతే నీళ్లు అడుగున ఆయిల్ ఉండే చాంబర్‌లోకి దిగుతాయి గానీ ఆయిల్ పైకెక్కి రేడియేటర్‌లో మీగడ కట్టదు. చాంబర్‌లో నీళ్లున్నాయా తెలియాలంటే రాత్రంతా బండి నిలిపి పొద్దున కింది నట్టు కొద్దిగా వదులు చేయాలి. నీళ్లు బరువు గనుక ముందు అవే కారతాయి. లేదంటే గేజీ కడ్డీకి అంటిన ఆయిల్ ఒక చుక్క కాలిన గరిటె మీద వేయాలి. చిటపటమంటే తడి ఉన్నట్టు. ఇంత పరీక్షకూ కావలసింది ఒక స్పానర్, ఒక గరిటె. ఇంజన్ "సంపూర్ణముగా" విప్పనక్కర లేదు.

గమనించబడినది: ఈ మాట నన్ను మూడు రోజులు నిద్రపోనివ్వలేదు. దీనికి ముందు కొంచెం పక్కకు పోవాలి, పాఠకులు మన్నించాలి.

మల్లినాథుడు రఘువంశ కుమారసంభవాలకూ మేఘదూతానికీ రాసిన వ్యాఖ్యలకు సంజీవని అని పేరు పెట్టాడు. భారవి కిరాతార్జునీయానికి రాసినదానికి మాత్రం ఘంటాపథం అన్నాడు. ఘంటాపథమంటే మెడలో గంటలు కట్టిన ఏనుగులు నడిచే రాజమార్గం. కొబ్బరికాయలా పీచు చుట్టుకున్న భారవిలోకి అందరూ పోగలిగే రోడ్డు వేశానని ఆయన భావమై ఉంటుంది. సంస్కృతంలో అది రోడ్డుగానే మిగిలింది. తెలుగులో మాత్రం ఏ చమత్కారం జరిగిందో, రోడ్డు కాస్తా గొంతులోకి వచ్చింది. "ఘంటాపథంగా చెప్పాడు" అంటాం: తడబాటు లేకుండా, మాట నాదేనని ఒప్పుకుంటూ చెప్పడం. ఇంత మంచి మాట మనకుండగా, ఎవరూ ఏదీ ఘంటాపథంగా చెప్పని కాలం రావడం చూడండి.

ఆ కావ్యం కథైనా ఇక్కడికి తగినదే. తపస్సు చేసుకుంటున్న అర్జునుడి మీదికి పంది వస్తుంది. అర్జునుడు ఒక బాణం, బోయవేషంలోని శివుడు ఒక బాణం వేస్తారు. పంది ఒకటే పడింది, కొట్టినవాళ్లు ఇద్దరు. అక్కడ మొదలైన తగవు కుస్తీ దాకా పోయింది. మా నల్లమలలో ఈ కథ ఎవరికీ కొత్తగా తోచదు. ఇక్కడి శివుడు శ్రీశైలం మల్లన్న చెంచులకు చెంచు మల్లయ్య, వాళ్ల ఇంటి అల్లుడు. నేను చెప్పేది అది కాదు. ఆ ఇద్దరిలో ఒక్కడైనా "పంది కొట్టబడినది" అన్నాడా? నేను కొట్టానంటే నేను కొట్టానని తన్నుకున్నారు. కర్తృత్వం కోసం సాక్షాత్తూ శివుడే కుస్తీ పట్టాడు. పట్నంలో ఏసీ గదిలో కూర్చున్న సర్వీస్ అడ్వైజర్‌కు మాత్రం కర్త కావడం ఇష్టం లేదు.

చిన్నయసూరి 1858 నాటికే కర్మణి ప్రయోగానికి పడు ధాతువును ఒప్పుకున్నాడు, నిజమే. ఊరు ఇప్పటికీ ఒప్పుకోలేదు. మా దగ్గర ఎవడూ కొట్టబడడు, దెబ్బలు తింటాడు. "గమనించబడినది" అంటే ఎవరు గమనించారు? మూత తీసి చూసింది దోమలపెంటలో మా క్లీనర్ పిల్లవాడు. వీళ్లు నాలుగు రోజులుంచుకుని అతను చూసిందాన్నే బడు చేర్చి తిప్పి పంపారు. "విప్పబడవలసియున్నది" అంటే ఎవరు విప్పాలి, ఎందుకు విప్పాలి, ఏం అనుమానం? ఫోన్ చేసి అడిగాను. "సిస్టమ్‌లో అట్లనే వస్తుంది సార్" అన్నారు. కూలర్ విప్పి చూశారా అని అడిగాను. "చెక్ చేయబడుతుంది సార్" అన్నారు, నోటితో కూడా. ఒక్క లారీ మీద నలుగురు బతికే ఇంట్లో నాలుగు రోజుల కిరాయి పోవడం ఏ విభక్తిలో పడుతుందో వాళ్లను అడగబుద్ధి కాలేదు.

తాత్పర్యము

బండిని మళ్లీ తాడు కట్టి అచ్చంపేట తెచ్చారు. మిస్త్రీ కూలర్ ఊడదీసి, ఒకవైపు మూసి, రెండోవైపు గాలి పెట్టి వేడినీళ్ల తొట్టిలో ముంచాడు. మూల నుంచి సన్నగా బుడగల దండ. కూలర్ కొత్తది వేసి, చాంబర్‌లో ఆయిల్ పూర్తిగా మార్చాడు. ఆయిల్ తాగి ఉబ్బి మెత్తబడ్డ హోస్ పైపులు కూడా పారేయించాడు. రేడియేటర్‌ను కడగడమే పెద్ద పని. క్లీనర్ సర్ఫు తెస్తే "వద్దురా, నురుగు పట్టి పొంగుతది" అని నురుగు రాని పొడి తెప్పించి నాలుగుసార్లు వేడినీళ్లతో తిప్పాడు. అంతకుముందు డ్రైవర్ రేడియేటర్ కారుతోందని వేసిన పసుపు కూడా అందులోనే బయటపడింది. దాన్ని సంజీవని అనాలో వద్దో మల్లినాథుడు చెప్పలేదు.

షెడ్డు గోడ మీద సుద్దముక్కతో మిస్త్రీ లెక్క ఇట్లా రాసి ఉంది: "కూలర్ ఓటు. కొత్తది ఏసిన." మా యాసలో ఏసిన అంటే నేను వేశాను. నన్ను చదివించిన పండితులు దీన్ని అశుద్ధమని ఎర్రసిరాతో కొట్టేసేవారు, నేనూ కొట్టేశాను చాలామందివి.

బండి మళ్లీ ఘాటు ఎక్కిన రోజు సాయంత్రం బామ్మర్ది ఫోనుకు సర్వీస్ సెంటర్ నుంచి మెసేజ్: "మీ సమస్య పరిష్కరించబడినది. దయచేసి రేటింగ్ ఇవ్వండి." చదివి నా దిక్కు చూశాడు.

"ఎవరు చేసిన్రు బావా?"

"కర్త అధ్యాహార్యము. అంటే వాక్యంలో లేనిదాన్ని మనమే..." అని మొదలుపెట్టాను. అప్పటికే అతను టోల్ డబ్బులు లెక్కపెట్టుకుంటూ బయటికి నడిచాడు.