డిస్‌ప్లే పోతే ఫార్మాటేనా?

మా రోజుల్లో కంప్యూటర్‌లో సిస్టం మారాలంటే మనమే మార్చాలి. పసుపు అమ్మకాలన్నీ ముగిసి, అడ్తి దుకాణాల లెక్కలు తేలి, మళ్లీ విత్తనం పెట్టే జూన్ దాకా ఆగేవాళ్లం. ఫైళ్లన్నీ ఇంకో హార్డ్‌డిస్కులో దాచి, సీడీ వేసి, పూటంతా దాని ముందే కూర్చునేవాళ్లం. ఇప్పుడేమో రాత్రి షట్‌డౌన్ కొట్టిన డబ్బా పొద్దున తెరిస్తే వేరే మొహం పెట్టుకుని ఉంటుంది. లేదా అసలు మొహమే ఉండదు, తెర నల్లగా ఉంటుంది. అదీ సరిగ్గా కల్లాల నుంచి పసుపు కదిలే ఫిబ్రవరి, మార్చి నెలల్లో.

విండోస్ 10కి ఉచిత సపోర్టు 2025 అక్టోబర్ 14న ముగిసింది. అప్పటి నుంచి మా ఆర్మూర్‌లోనూ అందరిదీ అప్‌గ్రేడ్ మాటే. చేసుకోవద్దని నేననను. బ్యాంకు లావాదేవీలు నడిపే సిస్టంకు సెక్యూరిటీ అప్‌డేట్లు రాకపోతే రైతు డబ్బుకే ముప్పు. నా బాధంతా ఆ తర్వాత జరిగే తంతు గురించి. కుర్రాడు వస్తాడు, పవర్ బటన్ నొక్కుతాడు, నిమిషం చూస్తాడు. "డిస్‌ప్లే వస్తలేదు కాకా, ఫార్మాట్ కొట్టాలె" అంటాడు. ఒక మొక్కకు దుంపకుళ్లు వచ్చిందని ఏ రైతైనా చేనంతా దున్నేస్తాడా?

ఫార్మాట్ మాట మేమూ అనేవాళ్లం, అన్నీ చూశాక, చిట్టచివర. మొదట చూసేది ఒక్కటే: స్టార్ట్ చేయగానే కంపెనీ లోగో పడుతుందా, లేదా? పడితే మానిటర్ బాగున్నట్టే, కేబుల్ బాగున్నట్టే. తప్పు ఆ తర్వాత ఎక్కడో ఉంది. ఎక్స్‌పీ రోజుల్లో ఎఫ్8 నొక్కి వీజీఏ మోడ్‌లో తెరిచేవాళ్లం. అందులో బొమ్మ వస్తే తప్పు డ్రైవర్‌దే. మదర్‌బోర్డుతో వచ్చిన డ్రైవర్ సీడీ మీద దుకాణం పేరు స్కెచ్ పెన్నుతో రాసి సొరుగులో పెట్టుకునేవాళ్లం. ఆ సీడీలు మాకు తాళంచెవులతో సమానం.

ఈ వరస ఇప్పటికీ మారలేదు, మీటలే మారాయి. తెర నల్లబడితే విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మూడూ పట్టుకుని బి నొక్కాలి. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. బొమ్మ రెండో తెరకు వెళ్లిపోయిందేమోనని విండోస్, పి కలిపి నొక్కి చూడాలి. ఎఫ్8 ఇప్పుడు మామూలుగా పనిచేయదు గనుక, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొట్టి సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలి. తెర వెలిగి, అక్షరాలు మాత్రం బండగా, అడ్డంగా సాగినట్టు కనిపిస్తే డివైస్ మేనేజర్ తెరవాలి. డిస్‌ప్లే అడాప్టర్ దగ్గర 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే, అసలు డ్రైవర్ ఎక్కలేదని అర్థం. తయారీదారు దగ్గర నుంచి ఆ మోడల్ డ్రైవర్ తెచ్చి వేస్తే సరిపోయే పని. దానికి దుకాణం లెక్కలన్నీ తుడిచేస్తారా?

తెర సరయ్యాక అసలు గొడవ తెలుగు దగ్గర మొదలవుతుంది. 2001లో ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చింది. సెట్టింగుల్లో ఒక గడికి టిక్కు పెట్టి, అడిగితే సీడీ వేసి, రీస్టార్ట్ చేస్తే ఒత్తులతో, గుణింతాలతో తెలుగు తెర మీద నిలబడింది. అది చూసి మేం పడ్డ సంతోషం ఈ పిల్లలకు చెప్పినా అర్థం కాదు. విండోస్ 10 నుంచి గౌతమిని, దాని తర్వాత వచ్చిన వాణిని 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' అనే విడి మూటలో పెట్టారు. తెలుగు భాషను జోడించుకోని సిస్టంలో ఆ మూట ఉండదు. అప్పుడు గౌతమిలో చేసిన తక్‌పట్టీ (అమ్మకం చీటీ) తెరిస్తే నిర్మలా ఫాంట్ వచ్చి కూర్చుంటుంది. చదవడానికి బాగానే ఉంటుంది గానీ అక్షరం వెడల్పు వేరు. స్పేసులు కొట్టి వరసలు కట్టిన పట్టీ చెదిరి, కొమ్ము పసుపు పక్కన ఉండాల్సిన తూకం గోళా పసుపు పక్కకు జారుతుంది. ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్లి ఆ మూట దించుకుంటే నిమిషాల్లో తీరే సమస్య ఇది.

అను ఫాంట్ల సంగతి వేరు. అవి యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి చేసినవి. ఆ ఫాంట్లు లేని సిస్టంలో పాత పేజ్‌మేకర్ ఫైలు తెరిస్తే తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు పడతాయి. "ఫైల్ కరప్ట్ అయింది" అని తీర్పు చెప్పేస్తారు. ఫైలుకేం కాలేదు నాయనా, ఫాంట్ లేదంతే. ఆ మాట నమ్మి ఏళ్ల నాటి పెళ్లిపత్రికలు, కరపత్రాలు, బిల్లు నమూనాలు డిలీట్ చేసుకున్నవాళ్లను చూశాను. కడుపు తరుక్కుపోయింది.

పెద్ద కంపెనీలకూ తెలుగంటే ఇంతే. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే ఒక్క తెలుగు అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తుతో, మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. జ్ఞానం, జ్ఞాపకం అని రోజూ రాసుకునే భాష మనది. విడుదలకు ముందు ఇలాంటి అక్షరాల కూర్పులను తెలుగువాడి చేత పరీక్షింపజేసుకోరా? యాపిల్‌వాళ్లు ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిదిద్దారు, నిజమే. కానీ మన అక్షరాలను లోకమంతా వింతగా చెప్పుకున్నాక.

తెర మీది అక్షరం మన దగ్గర చిన్న విషయం కాదు. దేశంలో 21 మార్కెట్లతో 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ అనే ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ మొదలుపెట్టినప్పుడు అందులో నిజామాబాద్ యార్డు కూడా ఉంది. మనవాళ్లు తొమ్మిది నెలలు పెంచి, ఉడకబెట్టి, ఎండబెట్టి తీసుకెళ్లిన పసుపు ధర ఇప్పుడు తెర మీద తేలుతోంది. అందుకే అడ్తిదారులకు, డీటీపీ కొట్లవాళ్లకు గట్టిగానే చెబుతున్నాను. సీజన్‌లో అప్‌గ్రేడ్ జోలికి పోకండి. అప్‌డేట్‌ను కొన్ని వారాలు ఆపే వీలు సెట్టింగుల్లోనే ఉంది. చేసేముందు ఫాంట్ల ఫోల్డరు, గ్రాఫిక్స్ డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. చేశాక పాత పట్టీ ఒకటి, పాత పత్రిక ఒకటి ఆ రోజే తెరిచి చూడండి. పాత విండోస్‌కు వెనక్కి వెళ్లే గడువు పది రోజులే, ఆ తర్వాత గో బ్యాక్ బటన్ పనిచేయదు. ఇవేవీ అడగకుండా ఫార్మాట్ అన్నవాడి చేతికి మాత్రం మౌస్ ఇవ్వకండి.